రాయల్ ఐసింగ్ కుకీలు: అంతా నీళ్ల లెక్కే

అనంతపురంలో ఇప్పుడు పిల్లల మొదటి పుట్టినరోజంటే థీమ్ ఉండాల్సిందే. అడవి, సముద్రం, రైలు, అంతరిక్షం, ఏదో ఒకటి. బ్యానరూ బెలూన్లూ కేకూ రిటర్న్ గిఫ్టులూ అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఈ మధ్య వాటికి బొమ్మల కుకీలు కూడా తోడయ్యాయి. సింహం ఆకారంలో కోసిన బిస్కెట్టు, దాని మీద నున్నగా, గట్టిగా, చేతికి అంటకుండా ఆరిన రంగు చక్కెర పూత. ఆ పూతే రాయల్ ఐసింగ్.

అందులో పడేవి మూడే: ఐసింగ్ షుగర్ (బాగా మెత్తటి చక్కెర పొడి), గుడ్డు తెల్లసొన, కాస్త నిమ్మరసం. పొయ్యి వెలిగించే పని కూడా లేదు. అయినా మొదలుపెట్టినవాళ్లందరూ ఏదో ఒక చోట తల పట్టుకుంటారు. ఒకరికి పూత మధ్యలో గుంట పడుతుంది. ఒకరికి నల్లరంగు పక్కనున్న తెలుపులోకి పాకుతుంది. రాత్రి శుభ్రంగా ఉన్న కుకీ తెల్లారేసరికి నూనె మరకలతో కనిపిస్తుంది. వీడియోలో చెప్పిన కొలతలన్నీ గ్రాము తేడా లేకుండా పాటించాం కదా, ఎక్కడ చెడింది అని వాళ్ల టెన్షన్.

కొలతల్లో తప్పు లేకపోవచ్చు. ఈ ఇబ్బందుల్లో చాలావాటికి మూలం నీళ్లు. ఐసింగ్‌లో ఎన్ని నీళ్లున్నాయి, అవి ఎటు పోతున్నాయి, ఎంతసేపట్లో పోతున్నాయి అన్నదే అసలు ప్రశ్న. ఆ వీడియో లండన్‌లోనో ముంబైలోనో తీసి ఉంటారు. మనమేమో దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకదానిలో, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వానతో నెట్టుకొచ్చే చోట, ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో కూర్చుని అదే పని చేస్తున్నాం. గాలి వేరైనప్పుడు కొలత ఒకటే అయి లాభం లేదు.

ఇది పాకం కాదు

మన ఇళ్లలో చక్కెర అనగానే పాకం గుర్తొస్తుంది. లేతపాకం, తీగపాకం, ముదురుపాకం. రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసి చెప్పేస్తారు పెద్దవాళ్లు. ఆ అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. పాకంలో చక్కెరంతా నీళ్లలో కరిగిపోతుంది. రాయల్ ఐసింగ్‌లో కరగదు, కరగకూడదు కూడా.

ఒక లెక్క చూడండి. మామూలుగా 450 గ్రాముల ఐసింగ్ షుగర్‌కు మూడు గుడ్ల తెల్లసొన వాడతారు. ఒక్కో తెల్లసొన సుమారు 30 గ్రాములు ఉంటుంది. అందులో దాదాపు పదింట తొమ్మిది వంతులు నీళ్లే, మిగిలింది చాలావరకు ప్రొటీన్. అంటే మొత్తం మీద నీళ్లు 80 మిల్లీలీటర్లు అనుకోండి. పొయ్యి ఎక్కించకుండా 100 మిల్లీలీటర్ల నీళ్లలో సుమారు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది, అంతకు మించి ఎంత తిప్పినా కరగదు. ఆ లెక్కన మన 80 మిల్లీలీటర్లలో కరిగేది 160 గ్రాములు. మిగతా 290 గ్రాములు కంటికి కనపడనంత సన్నటి పలుకులుగా ఆ చిక్కటి చక్కెర నీళ్లలో తేలుతూ ఉంటాయి.

పూత గట్టిపడేది ఈ పలుకుల వల్లే. నీళ్లు ఆవిరవుతున్న కొద్దీ, కరిగి ఉన్న చక్కెరకు చోటు చాలక, అప్పటికే ఉన్న పలుకుల మీద పేరుకుంటుంది. పలుకుకీ పలుకుకీ మధ్య అతుకు పడుతుంది. తెల్లారేసరికి మొత్తం ఒకే పలకగా బిగుసుకుంటుంది.

ఒక్క చెంచా నీళ్లు అంత తేడా ఎందుకు తెస్తాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. 5 మిల్లీలీటర్లు పోశారనుకోండి. పెరిగింది ఆ 5 మాత్రమే కాదు. ఆ నీళ్లు ఇంకో 10 గ్రాముల పలుకుల్ని తమలో కరిగించుకుంటాయి. ఒకవైపు ద్రవం 15 గ్రాములు పెరిగింది, ఇంకోవైపు గట్టి పదార్థం 10 గ్రాములు తగ్గింది. రెండు వైపుల నుంచీ దెబ్బ. అందుకే ఇప్పటిదాకా కదలనిది ఒక్కసారిగా జారుగా అయిపోతుంది. ఈ పని బాగా వచ్చినవాళ్లు చెంచాతో పోయరు. చిన్న స్ప్రే సీసాలో నీళ్లు పెట్టుకుని చిలకరిస్తూ కలుపుతారు. పలచనైపోయాక మళ్లీ చక్కెర కలిపితే సరిపోతుంది కదా అంటారు. సరిపోతుంది, కానీ అప్పటికే రంగు కలిపి ఉంటే ఆ రంగు వెలిసిపోతుంది.

గుడ్డులోని ప్రొటీన్ చేసే పని వేరు. గిలకొట్టినప్పుడు అది విచ్చుకుని గాలిబుడగల చుట్టూ పలుచటి పొరగా నిలుస్తుంది, పక్కనున్న నీళ్లను పట్టి ఉంచుతుంది. అది లేకపోతే చక్కెర ముద్ద కుకీ మీద నుంచి జారి అంచులు దిగిపోతుంది. నిమ్మరసం ఆ పొర మరీ బిగుసుకుపోకుండా కాపాడుతుంది. వెగటు తీపిని కాస్త తగ్గిస్తుంది కూడా. ఈ పొరకు బద్ధ శత్రువు కొవ్వు. తెల్లసొనలో చుక్క పచ్చసొన పడ్డా, నిన్న నూనె గిన్నెగా వాడిన ప్లాస్టిక్ డబ్బాలో కలిపినా నురగ నిలవదు. స్టీలు గిన్నె గానీ గాజు గిన్నె గానీ తీసుకుని, నిమ్మచెక్కతో ఒకసారి తుడిచి మొదలుపెట్టడం మంచిది.

అలాగని ఎక్కువ గిలకొడితే మంచిదనుకోవద్దు. బీటర్ స్పీడు పెంచి పది నిమిషాలు తిప్పితే గాలి అతిగా చేరుతుంది. ఆరాక పూత డొల్లగా, పెళుసుగా తయారవుతుంది. స్పీడు తగ్గించి, మెరుపు పోయి, బీటర్ పైకెత్తితే కొస నిలబడగానే ఆపేయాలి.

ఐసింగ్ షుగర్ బదులు ఇంట్లో చక్కెరను మిక్సీలో వేసుకోవచ్చా అని అడుగుతుంటారు. వేసుకోవచ్చు, కానీ మిక్సీ పొడి ఎంత మెత్తగా కనిపించినా అందులో పెద్ద పలుకులు మిగులుతాయి. ఒక్క పలుకు చాలు, ఐసింగ్ ఒత్తే కోన్ కొసన ఉండే సన్న నాజిల్ మూసుకుపోవడానికి. కొన్న పొడిలో గడ్డ కట్టకుండా కాస్త కార్న్‌ఫ్లోర్ కలిపి ఉంటుంది, అదీ తేడా. ఏది వాడినా పలుచటి బట్టలో జల్లించి తీరాలి.

గుడ్డు వద్దన్నవాళ్లకు

కడప, ప్రొద్దుటూరు వైపు నుంచి ఆర్డర్ వస్తే తరచూ మొదట వినబడే మాట "గుడ్డు లేకుండా చేస్తారా?" అన్నది. బేకింగ్ సామాన్ల కొట్లలో దొరికే మెరింగ్ పౌడర్ చూసి, పొడి కదా, గుడ్డు ఉండదులే అనుకుంటారు కొందరు. అది ఎండబెట్టిన తెల్లసొనే. మన దేశపు లేబుల్ నిబంధనల్లో గుడ్డు ఉన్న వస్తువు మాంసాహారం కిందికే వస్తుంది; డబ్బా మీద ఆకుపచ్చ చుక్క కాక గోధుమరంగు గుర్తు ఉంటుంది. ఆర్డర్ ఇచ్చినవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద.

గుడ్డు తినేవాళ్లకైనా పచ్చి తెల్లసొన పెట్టడం చిన్న విషయం కాదు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. పార్టీకి వచ్చేవాళ్లలో పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉంటారు. చక్కెర ఎక్కువగా ఉంటే ఆ క్రిములు పెరగవేమో గానీ చావవు. మెరింగ్ పౌడర్ వాడటం తేలిక. లేదంటే తెల్లసొనలో కొంత చక్కెర కలిపి, గిన్నెను మరిగే నీళ్ల ఆవిరి మీద పెట్టి, కలుపుతూ 71 డిగ్రీల దాకా వేడిచేయాలి. చక్కెర ఉంది కాబట్టి అది ఉడికి ముద్దకట్టదు. థర్మామీటరు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

మూడో దారి మన నల్లరేగడి పొలాల్లోనే ఉంది. శనగలు ఉడికించిన నీళ్లు. 2014లో ఫ్రాన్సులో జోయెల్ రోసెల్ అనే ఆయన ఈ నీళ్లను గిలకొడితే తెల్లసొనలాగే నురగ కడుతుందని చూపించారు. శనగల్లోని ప్రొటీన్లు, సాపోనిన్లు ఉడికేటప్పుడు నీళ్లలోకి దిగుతాయి. ఆ రెండూ కలిసి బుడగల్ని పట్టి నిలుపుతాయి. ఉరవకొండలోనూ ఆలూరులోనూ శనగ పండించే ఇళ్లలో ఇన్నేళ్లుగా ఆ నీళ్లను చారులో పోసుకున్నాం, లేదా పారబోశాం.

దీనికి కాబూలీ శనగలు, అంటే పెద్ద తెల్ల శనగలే తీసుకోవాలి. నల్ల శనగల నీళ్లు ముదురు రంగులో ఉండి తెల్ల ఐసింగ్‌ను పాడుచేస్తాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు శనగలు మునిగేంత వరకే పోసి ఉడికించాలి. త్వరగా ఉడకాలని వంటసోడా వేస్తే ఆ రుచి నీళ్లలోనే ఉండిపోతుంది, వేయొద్దు. ఉప్పూ వద్దు. ఉడికాక శనగల్ని అదే నీళ్లలో వదిలేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వడకట్టాలి. చెంచాతో ఎత్తితే తెల్లసొనలా సాగుతూ జారాలి. నీళ్లలా కారిపోతే సన్నమంట మీద ఇంకించాలి. ఇలా చిక్కబడినవి రెండు పెద్ద చెంచాలు ఒక తెల్లసొనకు సమానం. శనగ వాసన వస్తుందేమోనని భయం అక్కర్లేదు. చక్కెర, నిమ్మరసం, కాస్త వనిల్లా పడ్డాక అది కనిపెట్టడం కష్టం. అయితే ఈ ఐసింగ్ గుడ్డుదానికన్నా కొంచెం నెమ్మదిగా ఆరుతుంది, కాస్త పెళుసు. నిజం చెప్పాలంటే సన్నటి లేసు పనికి గుడ్డుదే మేలు. అంచు గీసి లోపల నింపే పనికి శనగనీళ్లకు ఢోకా లేదు.

చిక్కదనం, చేయి

ఒకే గిన్నెలో కలిపిన ఐసింగ్‌ను పనిని బట్టి మూడు నాలుగు రకాల చిక్కదనాల్లోకి మార్చుకుంటారు. పువ్వుల రేకులకు కొస వంగకుండా నిలబడేంత గట్టిగా ఉండాలి. అంచు గీతకు కొస కొద్దిగా వాలాలి. గీత లోపల నింపడానికి దానంతటదే సర్దుకునేంత పలచగా ఉండాలి. ఎంత పలచనో తెలియడానికి గిన్నెలోని ఐసింగ్ మీద కత్తితో ఒక గీత గీసి అంకెలు లెక్కపెట్టండి. పది, పన్నెండు అంకెలు వచ్చేసరికి గీత పూడుకుపోతే అది నింపడానికి. ఇరవై దాటితే అంచుకు. ఐదులోపే మాయమైతే అది కుకీ మీద నిలవదు, అంచు దాటి కారుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు పదిహేను దగ్గర పెట్టుకుంటే అంచుకూ నింపడానికీ ఒకటే సరిపోతుంది, గిన్నెలు తగ్గుతాయి.

ఐసింగ్‌ను ఒత్తి గీసే పైపింగ్ బ్యాగుల కోసం పరుగెత్తాల్సిన పని లేదు. గోరింటాకు కోన్ చుట్టే పద్ధతిలోనే, కొంచెం మందపాటి ప్లాస్టిక్ కవర్‌తో కోన్ చుట్టుకుని కొస సన్నగా కత్తిరిస్తే చాలు. పెళ్లిళ్లకు గోరింటాకు పెట్టే ఆడపిల్లలకు ఈ పని ఇట్టే వచ్చేస్తుంది, ఎక్కడ ఒత్తాలో ఎక్కడ వదలాలో వాళ్ల చేతికి ముందే తెలుసు. ఒక్కటే తేడా. గోరింటాకు కోన్ చర్మానికి ఆనించి లాగుతాం. ఐసింగ్ కోన్‌ను కుకీకి అంగుళం దూరంలో పైకి ఎత్తి పట్టుకోవాలి. ముగ్గుపిండి వేళ్లసందు నుంచి జారినట్టు దారం తనంతట తాను వాలాలి. ఆనించి గీస్తే గీత వంకరపోతుంది.

గాలి ఇచ్చేదీ గాలి తీసుకునేదీ

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. పూత ఆరడమంటే నీళ్లు గాలిలోకి పోవడం. గాలి ఎంత పొడిగా ఉంటే అంత త్వరగా పోతాయి. ఈ విషయంలో అనంతపురం, కర్నూలు వాళ్ల అదృష్టం చెప్పనలవి కాదు. చెన్నైలో పూత పైపొర కట్టడానికి గంట పట్టేచోట మనకు మార్చిలో పావుగంట, ఇరవై నిమిషాల్లో కట్టేస్తుంది. పైపొర త్వరగా కడితే మెరుపు నిలుస్తుంది. నిదానంగా ఆరితే పలుకులు పెద్దవై పూత పాలిపోయినట్టు కనిపిస్తుంది.

కానీ అదే గాలి పని మధ్యలోనూ నీళ్లు లాగేస్తుంది. నాజిల్ కొసన చక్కెర గడ్డకట్టి మూసుకుపోతుంది. గిన్నె అంచున ఎండిన పొర పెళ్లలుగా రాలి లోపల పడుతుంది. అంచు గీసి ఫోన్ మాట్లాడి వచ్చేలోగా అది గట్టిపడితే తర్వాత నింపింది దానితో కలవదు, గాటు కనిపిస్తుంది. దీనికి విరుగుడు చిన్నదే. గిన్నె మీద తడిబట్ట కప్పాలి. ఒక గ్లాసు అడుగున తడి టిష్యూ పెట్టి, వాడని కోన్లన్నీ కొస కిందికి ఉండేలా అందులో నిలబెట్టాలి. ముప్పై కుకీలకూ ముందు అంచులు గీసి తర్వాత నింపుదామనుకోకుండా రెండు మూడు కుకీల చొప్పున పూర్తిచేస్తూ పోవాలి. వీడియోల్లో అన్నిటికీ ఒకేసారి అంచు గీసేస్తారు, వాళ్ల గాలికి అది చెల్లుతుంది.

పైపొర కట్టింది కదా అని ఆరిపోయినట్టు కాదు. లోపల తడి అలాగే ఉంటుంది. వేలితో నొక్కితే కుంగుతుంది. మనకైనా రాత్రంతా వదలాల్సిందే. పక్కనుంచి తిప్పిన టేబుల్ ఫ్యాన్ చాలు.

కూలర్ మాత్రం వద్దు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఎండాకాలం మన ఇళ్లలో కూలర్ లేని గది ఉండదు. కూలర్ చల్లగా ఉండేదే తడి గడ్డి గుండా గాలిని లాగి, నీటి ఆవిరి కలిపి వదలడం వల్ల. దాని ముందు కుకీలు పెట్టడమంటే అనంతపురంలో ఉండి చెన్నై గాలిని కొని తెచ్చుకోవడమే. ఏసీ దీనికి వ్యతిరేకం, అది గాలిలోని తడిని తీసి బయట కారుస్తుంది. ఏసీ ఉంటే పరమానందం. లేకపోతే ఎండాకాలంలో తెల్లవారుజామున పని మొదలుపెట్టి, కూలర్ ఆపేసి ఫ్యాన్‌తో నడిపించుకోవాలి. మనకు వానలు పడే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గాలి మారిపోతుంది. మార్చిలో కుదిరిన చిక్కదనం దసరాకు పలచనవుతుంది; అప్పుడు నీళ్లు కొంచెం తగ్గించాలి.

గుంట, పాకుడు, నూనె మరక

గుంటలు ఎక్కువగా పడేది చిన్న జాగాల్లో. లేపాక్షి బసవన్న థీమ్ అనుకోండి. నంది ఒళ్లంతా ఒకే బూడిదరంగు, పెద్ద జాగా, నున్నగా వచ్చేస్తుంది. మెడలోని గంటల దగ్గర మాత్రం ఒక్కో గంట బొమ్మలో చుక్కంత ఐసింగ్ పోసి వదిలేస్తే కాసేపటికి మధ్యలో చిల్లు పడి ఉంటుంది. పలచటి ఐసింగ్‌లో బుడగలు ఎక్కువ, వాటిని మోసే పలుకులు తక్కువ. పైపొర కట్టేలోగా లోపలి బుడగలు కూలి పైపొర కిందికి దిగుతుంది. చిన్న జాగాలకు ఐసింగ్ చిక్కగా తీసుకోవాలి. పోసే ముందు అడుగున చిక్కటి ఐసింగ్‌తో ఒక అడ్డగీత వేస్తే పైపూతకు ఆసరా దొరుకుతుంది. పోసిన వెంటనే ఫ్యాన్ కింద పెట్టాలి.

రంగు పాకడం కూడా నీళ్ల ప్రయాణమే. తినే రంగులు నీళ్లలో కరిగేవి కాబట్టి నీళ్లెటు పోతే అటు పోతాయి. పక్కపక్కన ఎరుపు, తెలుపు రెండూ తడిగా ఉంటే ఎరుపు తెలుపులోకి నడుస్తుంది. ఎరుపు ఆరాక తెలుపు పోసినా, ఆ తెలుపు మరీ పలచగా ఉంటే దాని నీళ్లే ఎరుపును తడిపి రంగును లాక్కుంటాయి. పాతూరు కిరాణా కొట్లలో దొరికే చిన్న సీసాల ద్రవ రంగులతో ఇది ఎక్కువ. ముదురు రంగు రావాలంటే వాటిని చెంచాల కొద్దీ పోయాలి, అంటే నీళ్లే పోస్తున్నాం. జెల్ రంగులైతే పుల్ల కొసన అంటుకున్నంత చాలు. ఇంకో సంగతి, ఎరుపూ నలుపూ కలిపిన వెంటనే అసలు రంగు చూపించవు. గంటలు గడిచే కొద్దీ ముదురుతాయి. ముందు రోజు కలిపి మూతపెట్టుకుంటే రంగు తక్కువ పడుతుంది, పిల్లల నాలుకలూ బాగుంటాయి.

రంగు కొనేటప్పుడు లేబుల్ చూడకుండా తీసుకోవద్దు. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, బ్రిలియంట్ బ్లూ లాంటివి. మెరిసిపోయే గులాబీరంగు పొడి పొట్లం కట్టి ఇస్తే అది రోడమిన్-బి కావచ్చు. అది బట్టలకు వేసే రంగు. 2024లో తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించిందీ, కర్ణాటక రంగుల పీచుమిఠాయి మీద వేటు వేసిందీ దాని వల్లే.

మూడోది నూనె మరక. ఇది నీళ్ల లెక్కలో పడదు, ఎండ లెక్కలో పడుతుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో మన గది అంతకన్నా వేడిగా ఉంటుంది. అంటే కుకీలోని వెన్న గట్టిగా లేదు, నూనెలా ఉంది. అది పైనున్న పూతలోకి ఎక్కి పసుపు మచ్చలు వేస్తుంది. తెలుపు, లేత నీలం పూతల మీద దాచడం కుదరదు. వెన్న తక్కువ పడే కుకీ కొలత ఎంచుకోవాలి. కాల్చిన కుకీలను ఆ రోజే ముట్టుకోకుండా కాగితం పరిచి రాత్రంతా ఉంచితే పైకి వచ్చే జిడ్డును కాగితం పీల్చుకుంటుంది. కాల్చేటప్పుడు కూడా ముద్దను ఫ్రిజ్‌లో బిగిసేదాకా ఉంచి, బేకింగ్ పౌడర్ లేకుండా కాల్చాలి, లేకపోతే సింహం చెవులు పరుచుకుని ఏనుగు చెవులవుతాయి. నాన్‌ఖటాయి మీద వేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. దాని పైభాగం ఉబ్బి పగులుతుంది. రుచిలో దానికి సాటి లేకపోవచ్చు, ఈ పనికి మాత్రం రాదు.

బంగారక్క కుకీ

ఇవన్నీ ఒకే కుకీలో చూడాలంటే తోలుబొమ్మ చేసి చూడండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద ఈ బొమ్మలు చేస్తారు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, దట్టమైన నల్ల అంచు, వెలుతురు పడేలా వరుసగా పొడిచిన చిల్లులు. థీమ్ పార్టీకి ఇంతకన్నా చక్కటి బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? రాముడినో హనుమంతుడినో వేస్తే దేవుణ్ణి కొరుక్కు తినాలా అని నాయనమ్మలు కళ్లెర్రజేస్తారు. తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క, కేతిగాడు అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు, పిల్లలకు నవ్వూ వస్తుంది.

ముందు బొమ్మ ఆకారమంతా లేత తోలురంగు ఐసింగ్‌తో ఒకే పూత వేసి రాత్రంతా ఆరనివ్వాలి. మర్నాడు దాని మీద చీర. బంగారక్క చీర ఎర్రది, రవిక ఆకుపచ్చ, నగలు పసుపు అనుకుందాం. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కనే వస్తాయి కాబట్టి ఒకేసారి పోయకూడదు. ఎరుపు పోసి, ఫ్యాన్ కింద పైపొర కట్టాక ఆకుపచ్చ. రెంటి మధ్య గట్టు స్పష్టంగా నిలుస్తుంది, తోలుబొమ్మలో ఉన్నట్టే. పసుపు నగలు చిన్న జాగాలు, గుంట పడే చోట్లు. చిక్కటి ఐసింగ్‌తో చుక్కలుగా పెట్టాలి. నలుపు అన్నిటికన్నా చివర. అందులో రంగు ఎక్కువ, తడి తగిలితే అన్నిటికన్నా ముందు పాకేది అదే. నలుపు కోసం తెల్ల ఐసింగ్‌కు నల్లరంగు దట్టించడం కన్నా కాస్త కోకో పొడి కలిపి గోధుమరంగు చేసి, అప్పుడు నలుపు వేస్తే సగం రంగుతో పని అయిపోతుంది, చేదు రాదు. కళ్లకూ జడకూ చీర అంచుకూ నల్లగీత గీశాక, మళ్లీ ఆరనిచ్చి, చిల్లులకు బదులు గీత పక్కన వరుసగా తెల్లచుక్కలు. ఆ చుక్కలకు ఐసింగ్ ఎంత చిక్కగా ఉండాలంటే, పెట్టి తీసేటప్పుడు కొస మిగలాలి. ఆ కొసను తడి వేలితో ఒకసారి అద్దేయాలి.

మొత్తం రెండు రోజుల పని, అందులో చేతులు కదిలేది కొంతసేపే, మిగతాదంతా ఎదురుచూపు. "బిస్కెట్టుకు ఇంత రేటా అక్కా?" అని బేరమాడేవాళ్లకు ఈ ఎదురుచూపు కనపడదు. ముప్పై కుకీలకు ఆరు రంగులంటే ఆరు కోన్లు, ఆరు విడతలు, ప్రతి విడతకూ ముప్పై పళ్లేలంత జాగా ఫ్యాన్ కింద. ధర తగ్గించమంటే ఒకటే మార్గం, రంగులు తగ్గించడం.

బెల్లం, ఫ్రిజ్, వైజాగ్ బస్సు

చక్కెర బదులు బెల్లంతో చేసివ్వండి అన్నది ఈ మధ్య బాగా వినపడుతున్న మాట. కుకీలో బెల్లం వేయొచ్చు, అమోఘంగా ఉంటుంది. పూతలో వేస్తే ఆరదు. బెల్లంలో మామూలు చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. ఇవి గాలిలోని తడిని లాక్కుంటాయి, చక్కెర పలుకులు కట్టనివ్వవు. బెల్లం డబ్బా వానాకాలం చెమర్చడం మనం చూసేదే. పూత కావాలనే మెత్తగా ఉండాలంటే గ్లిజరిన్ కొన్ని చుక్కలు వేస్తారు, అది పట్టుకున్న నీళ్లను అంత తేలిగ్గా వదలదు. ఇంగ్లండులో 19వ శతాబ్దపు పెళ్లి కేకుల మీద ఈ ఐసింగ్ గోడలా బిగుసుకుపోయేది, కత్తి దిగడమే గగనమయ్యేది. గ్లిజరిన్ అలవాటు ఆ బాధకు విరుగుడుగానే వచ్చింది. కుకీ మీద పలుచటి పూతకు నా మటుకు నాకు గ్లిజరిన్ అనవసరం.

పూర్తయిన కుకీలను ఫ్రిజ్‌లో పెట్టడం ఎండాకాలంలో అందరూ చేసే పని. చల్లటి కుకీని బయటికి తీయగానే గాలిలోని తడి దాని మీద చెమటలా పడుతుంది. బంగారక్క కాటుక ఆ చెమటకే బుగ్గల మీదికి దిగుతుంది. గాలి చొరని డబ్బాలో, ఎండ తగలని చోట, ఇంట్లో చల్లటి గదిలో ఉంచితే వారం పది రోజులు నిక్షేపంగా ఉంటాయి. ఎండ అంటే వేడి ఒక్కటే కాదు, వెలుతురుకు గులాబీరంగు వెలిసిపోతుంది, ఊదా కాస్తా నీలమైపోతుంది.

దూరం పంపేటప్పుడు ఆ ఊరి గాలిని ముందే లెక్కలోకి తీసుకోవాలి. గాలిలో తేమ 85 శాతం దాటితే చక్కెర పలుకు తనంతట తాను నీళ్లు లాగి కరగడం మొదలుపెడుతుంది. మనకు వాన కురిసే రాత్రుల్లో తప్ప అంత తేమ ఉండదు. విశాఖపట్నంలో వానాకాలపు ఉదయాలు అలాగే ఉంటాయి. అనంతపురంలో టకటకలాడిన పూత అక్కడ డబ్బా మూత తీసిన గంటకే వేలికి అంటుకుంటుంది. ఒక్కో కుకీని విడిగా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి సీలు చేయాలి, డబ్బాలో తడిని పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయాలి. కేకు కోసే వేళ దాకా కవర్ విప్పొద్దని, విప్పినవి ఆ పూటే తినేయమని డబ్బా మీద రాసి పంపాలి.